కారు రంగు మీద గీత పడితే: మనం సరిదిద్దుకోగలిగినవి, షెడ్డుకు పంపవలసినవి

కొత్త కారు మీద మొదటి గీత పడిన రోజు చాలామందికి గుర్తుండిపోతుంది. గేటు అంచుకు రాసుకుని ఉండవచ్చు, పక్కన నిలిపిన మోటార్ సైకిల్ బ్రేకు మీట తగిలి ఉండవచ్చు. చూసిన వెంటనే చేతికి దొరికినదేదో పెట్టి రుద్దేయాలనిపిస్తుంది. కాసేపు ఆగితే, ఆ తలుపు మొత్తానికి కొత్త రంగు వేయించేస్తే పీడ పోతుందనిపిస్తుంది. ఈ రెండు తొందరల వల్ల జరిగే నష్టం చాలాసార్లు ఆ గీత చేసిన నష్టం కంటే పెద్దది.

నా మొదటి కారు వెండి రంగుది. వెనుక ఎడమ తలుపు మీద జానెడు గీత పడింది. హార్డ్‌వేర్ దుకాణం నుంచి గరుకు కాగితం, రబ్బింగ్ కాంపౌండు (పై పొరను సన్నగా అరగదీసే ముద్ద) తెచ్చి ఒక ఆదివారం ఉదయమంతా రుద్దాను. గీత పోయింది, దానితో పాటు రంగును కాపాడే పై పొర కూడా పోయింది. రెండు వేసవులు గడిచేసరికి అరచేయంత మేర రంగు వెలిసి సున్నం కొట్టినట్టు పాలిపోయింది. చివరికి తలుపు మొత్తానికి రంగు వేయించక తప్పలేదు. షెడ్డు నీడలో చక్కగా కలిసిన రంగు, ఎండలోకి తీసుకువచ్చి చూస్తే పక్క తలుపుతో కలవలేదు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. కర్మాగారంలో వేసిన రంగు ఒకసారి పోతే మళ్లీ రాదు, కనుక దాన్ని వీలైనంత తక్కువగా తాకాలి. గీత కనబడకుండా చేయడం రెండో పని. ఇనుముకు గాలీ నీరూ తగలకుండా చూడడం మొదటి పని. ఈ వరుస మనసులో ఉంటే ఏ గీతను ఇంట్లో చూసుకోవాలో, దేనికి పెయింటరును పిలవాలో తేల్చుకోవడం కష్టం కాదు.

గీత కింద ఏముంది

కారు బాడీ ఉక్కు రేకు. దాన్ని శుభ్రం చేసి, ఫాస్ఫేట్ పూత పూసి, ఆపైన బాడీ మొత్తాన్ని పెద్ద తొట్టిలో ముంచి విద్యుత్తు సాయంతో తుప్పు నిరోధక పూత పట్టిస్తారు. పరిశ్రమలో దీన్ని ఈడీ కోటు అంటారు. బ్రష్షూ, రంగు చిమ్మే స్ప్రే గన్నూ చేరలేని సందుల్లోకి కూడా ఇది చేరుతుంది. 160 నుంచి 180 డిగ్రీల వేడిలో దీన్ని కాలుస్తారు. దాని పైన రంగుకు అడుగు పూతగా ఉండే ప్రైమర్, ఆ పైన మన కంటికి కనిపించే రంగు, అంటే బేస్ కోటు, అన్నిటికీ పైన గాజులా పారదర్శకంగా ఉండే క్లియర్ కోటు ఉంటాయి. మెరుపును ఇచ్చేదీ, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేదీ ఈ ఆఖరి పొరే.

ఈ పొరలన్నీ కలిపి చాలా కార్లలో 100 నుంచి 130 మైక్రాన్ల మందం ఉంటాయి. అంటే మనం ప్రింటర్‌లో పెట్టే ఒక తెల్ల కాగితం మందం. అందులో క్లియర్ కోటు వాటా 40 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. మనం రుద్దే ప్రతిసారీ తరిగిపోయేది ఇదే.

కర్మాగారంలో పై పొరలను సుమారు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. అప్పటికి బాడీలో తీగలు, రబ్బర్లు, ప్లాస్టిక్కు, సీట్లు ఏవీ ఉండవు. తయారై రోడ్డెక్కిన కారును అంత వేడికి గురి చేయలేము కాబట్టి మంచి వర్క్‌షాపు బూత్‌లో (రంగు వేసి ఆరబెట్టే మూసిన గదిలో) కూడా 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు. చిన్న షెడ్డులో అయితే ఎండే బూత్. అందుకే మళ్లీ వేసిన రంగు ఎంత నేర్పుగా వేసినా మొదటి రంగుతో సమానం కాదు. పాత కార్లు కొనేవారు చిన్న మీటరు పెట్టి తలుపు, బానెట్ వంటి ప్రతి ప్యానెల్ మీదా రంగు మందం కొలుస్తారు. ఒక తలుపు మీద 110, పక్క తలుపు మీద 250 వస్తే ప్రమాదం జరిగిందేమో అన్న అనుమానం మొదలవుతుంది, బేరం అక్కడి నుంచి కిందికి జారుతుంది. దగ్గరగా చూస్తే తెలిసే చిన్న అతుకు ఉన్న అసలు రంగు తలుపు, నున్నగా మెరిసే కొత్త రంగు తలుపు కంటే విలువైనదని నేను అనేది ఇందుకే.

ముందు లోతు తెలుసుకోండి

ఈ పనికి పావుగంట చాలు, కానీ ఎక్కువమంది దాటేసేది దీన్నే. కారును నీడలో నిలపండి. బానెట్ మీద చేయి పెడితే చల్లగా ఉండాలి. గీత చుట్టూ రెండు జానల మేర కారు షాంపూతో కడిగి మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. దుమ్ము మీదే రుద్దితే ఆ ఇసుక రేణువులే కొత్త గీతలు గీస్తాయి.

గీత మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే అది క్లియర్ కోటులోనే ఉంది. తర్వాత గోటిని గీతకు అడ్డంగా మెల్లగా లాగండి. ఎక్కడా ఆగకుండా జారిపోతే రుద్దితే పోయే గీత. గోరు కాస్త తట్టుకుంటే రుద్ది తగ్గించవచ్చు గానీ పూర్తిగా పోదు. గోరు లోపలికి దిగి ఆగిపోతే రుద్దే ఆలోచన మానుకోండి, అక్కడ పొర నింపాలి తప్ప గీకకూడదు.

గోరు ఆగిన చోట అడుగు ఏ రంగులో ఉందో చూడండి. ఫోను టార్చిని ఏటవాలుగా పట్టి చూస్తే బాగా తెలుస్తుంది. బూడిద రంగు లేదా తెలుపు కనిపిస్తే ప్రైమర్ దాకా వెళ్లింది. లోహం మెరుస్తున్నా, గోధుమ రంగు మచ్చ ఉన్నా రేకు బయటపడింది. తెల్ల కార్లకు ఈ పరీక్ష కొంచెం కష్టం, ఎందుకంటే ప్రైమర్‌కూ రంగుకూ తేడా కనబడదు. అక్కడ గోటినే నమ్మాలి.

ఇంకొక సంగతి. కొన్ని కార్లలో, ముఖ్యంగా మెరుపు కణాలు లేని సాదా తెలుపు వంటి రంగుల్లో, క్లియర్ కోటు విడిగా ఉండకపోవచ్చు, రంగే పై పొర. కనబడని చోట కొంచెం పాలిష్ వేసి తెల్ల గుడ్డతో రుద్దండి. తెల్ల కారు అయితే నల్ల గుడ్డ తీసుకోండి. గుడ్డకు కారు రంగు అంటితే అది ఒంటి పొర రంగు. అటువంటి కారును రుద్దేటప్పుడు గుడ్డకు రంగు అంటడం సహజమే. క్లియర్ కోటు ఉన్న కారులో రంగు అంటిందంటే మాత్రం పై పొర దాటేశారని అర్థం, వెంటనే ఆపాలి.

గీతల్లా కనిపించి గీతలు కానివి

షెడ్డుకు వచ్చే బంపర్ మచ్చల్లో చాలా భాగం నిజానికి అవతలి వస్తువు రంగు మన కారుకు అంటుకున్నవే. పార్కింగ్ స్తంభం మీది పసుపు, ప్రహరీ గోడ సున్నం, ఆటో రంగు ఇలాంటివి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డను ఆ మచ్చ మీద అర నిమిషం ఉంచి మెల్లగా తుడవండి. మిగిలినది కాస్త కాంపౌండుతో పోతుంది. పెయింట్ థిన్నర్ జోలికి వెళ్లవద్దు. ఇంతకు ముందు షెడ్డులో రంగు వేసిన ప్యానెల్ అయితే థిన్నర్ తగలగానే రంగు మెత్తబడి ముడతలు పడవచ్చు, ప్లాస్టిక్ భాగాలూ పాడవుతాయి.

కొత్తగా వేసిన రోడ్ల మీద వెళితే చక్రాల వెనుక తారు చుక్కలు అంటుకుంటాయి. తారు తొలగించే ద్రవం పూసి, అది కరిగేదాకా ఆగి తుడిస్తే చాలు. గోటితో గీకితేనే గీత పడుతుంది.

దసరాకు, కొత్త కారు కొన్నప్పుడు వాహన పూజ చేసి బానెట్ మీద పసుపు, కుంకుమ, గంధం పెడతాము. పూజ అయిన రోజే మంచి నీళ్లతో కడిగేయడం మేలు. పసుపు మరక కొంత మిగిలినా ఎండకు దానంతట అదే వెలుస్తుంది, దాని కోసం కాంపౌండు పట్టవద్దు. పొడి కుంకుమను చేత్తో దులిపి రుద్దితే మాత్రం సన్నని గీతలు పడతాయి, నీళ్లు పోసి జారనివ్వాలి. పిట్ట రెట్టకు ఇంతకంటే తొందరపడాలి. వేసవి ఎండలో కొన్ని గంటల్లోనే క్లియర్ కోటును తినేస్తుంది. తడి గుడ్డను దాని మీద కొద్ది నిమిషాలు పరిచి నాననిచ్చి ఎత్తివేయాలి, తుడవకూడదు.

పై పొరలోని గీత: చేత్తో రుద్దే పద్ధతి

గోరు జారిపోయిన గీతలకు ఇది సరిపోతుంది. కావలసినవి తక్కువే: సన్న రకం రబ్బింగ్ కాంపౌండు, పాలిష్, వ్యాక్స్, చేతిలో పట్టే స్పాంజి ప్యాడ్, నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు. ముతక కాంపౌండుతో మొదలుపెట్టవద్దు.

గీతకు బెత్తెడు దూరంలో నాలుగు వైపులా మాస్కింగ్ టేపు అంటించండి. రుద్దే చేయి తెలియకుండానే దూరం జరుగుతుంది, టేపు దాన్ని ఆపుతుంది. తలుపు అంచులు, బాడీ మీద నిక్కిన గీతల్లాంటి మడతలు వస్తే వాటి మీద కూడా టేపు వేయండి. ఆ అంచుల మీద పొర పలుచగా ఉంటుంది, నాలుగు సార్లు గట్టిగా రుద్దితే రంగు బయటపడుతుంది.

ప్యాడ్ మీద వేరుశనగ గింజంత కాంపౌండు తీసుకుని, వేళ్లతో కాకుండా అరచేతి బలం సమానంగా పడేలా, గీత పొడవునా ముందుకూ వెనక్కూ, తర్వాత దానికి అడ్డంగా, ఇలా ఇరవై ముప్ఫై సార్లు రుద్దండి. గుండ్రంగా తిప్పితే ఎండలో సాలెగూడు లాంటి చారలు మిగులుతాయి. కాంపౌండు ఆరకముందే తుడిచి, ఆల్కహాల్‌తో ఒకసారి శుభ్రం చేసి చూడండి. ఆల్కహాల్‌తో తుడవడం ముఖ్యం. కాంపౌండులోని నూనెలు గీతలో నిండి, గీత పోయినట్టు భ్రమ కలిగిస్తాయి, రెండు కడుగుళ్ల తర్వాత గీత తిరిగి వస్తుంది. కొబ్బరి నూనె రాస్తే గీత పోతుందని చెప్పే చిట్కా వెనుక ఉన్నదీ ఇదే. టూత్‌పేస్టులో నిజంగానే అరగదీసే పొడి ఉంటుంది, కానీ దాని గరుకుదనం ఎంతో మనకు తెలియదు. ఇంత పలుచని పొర మీద దానితో ప్రయోగం అక్కరలేదు.

మూడు విడతల్లో ఎనభై శాతం తగ్గితే అక్కడితో ఆగండి. మిగిలిన ఆ ఇరవై శాతం కోసం రుద్దే రుద్దుడే నా తలుపును పాడుచేసింది. తర్వాత పాలిష్‌తో మెరుగు తెచ్చి, వ్యాక్స్ పూసి వదిలేయాలి. మెరుపు లేని మ్యాట్ రంగు కార్లకు, ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించిన కార్లకు ఈ పద్ధతి అసలు వాడకూడదు. సిరామిక్ కోటింగ్ ఉంటే రుద్దిన చోట అది పోతుంది, మళ్లీ వేయించుకోవాలి.

గోరు కాస్త తట్టుకునే గీతలకు 2000, తర్వాత 3000 నంబరు వాటర్ పేపర్‌ను (తడిపి వాడే అతి సన్నని గరుకు కాగితాన్ని) నీళ్లలో నానబెట్టి రుద్దే పద్ధతి ఉంది. నేర్పున్నవారి చేతిలో అది అద్భుతంగా పనిచేస్తుంది. మొదటిసారి మీ కారు మీద మాత్రం చేయకండి. పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఒక పాత ఫెండర్ కొని నాలుగు రోజులు చేయి తిరిగాక ఆలోచించండి. పెయింటర్లు శిష్యులకు పని నేర్పేది కూడా అలాంటి రేకుల మీదే.

పెచ్చు ఊడితే: చుక్క పెట్టి నింపడం

టిప్పర్ లారీ వెనుక ప్రయాణించిన కారు బానెట్ అంచు చూడండి, ఆవగింజంత పెచ్చులు ఊడి ఉంటాయి. కంటికి పెద్దగా ఆనవు, కానీ నిజంగా తొందరపడవలసింది వీటికే. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్ర తీర ఊళ్లలో ఉప్పు గాలికి రేకు బయటపడిన చోట తుప్పు చాలా త్వరగా మొదలవుతుంది. తుప్పు పైకి కనిపించే చుక్క దగ్గర ఆగదు, రంగు కింద నుంచి పాకుతుంది. రంగు ఉబ్బి బుడగలా లేచిందంటే కింద అంతకంటే ఎక్కువ మేర తిని ఉంటుంది. కాబట్టి ఊడిన వారంలోనే నింపాలి, ఈ పని మాత్రం ఎవరైనా ఇంట్లో చేసుకోగలరు.

మొదట మీ కారు రంగుకు కంపెనీ ఇచ్చిన సంకేతం కనుక్కోండి. కొన్ని అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. చాలా కార్లలో ఇంజిన్ గదిలోని పలక మీదో, డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీదో రాసి ఉంటుంది. దొరకకపోతే కారు ఛాసిస్ నంబరు చెప్తే విడిభాగాల కౌంటరులో చూసి చెప్తారు. ‘తెలుపే కదా’ అని ఏదో ఒక తెలుపు కొనవద్దు, ఒకే కంపెనీలో రెండు మూడు తెలుపులు ఉంటాయి. టచప్ సీసా, అంటే అతుకుల కోసం అమ్మే చిన్న రంగు సీసా, కొన్నాక బాగా రెండు నిమిషాలు ఊపి, తలుపు లోపలి అంచు వంటి కనబడని చోట చిన్న చుక్క పెట్టి, ఆరాక పగటి వెలుగులో పోల్చండి. తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు. గోళ్ల రంగు వాడే అలవాటు కొందరికి ఉంది. అది ఎండకు ఆగదు, తర్వాత దాన్ని తీసి సరైన రంగు వేయడం రెండింతల పని.

వాతావరణం కూడా చూసుకోవాలి. వానాకాలపు చెమ్మ రోజుల్లో రంగు ఆరేటప్పుడు తెల్లగా మసకబారుతుంది. మండుటెండలో కారు రేకు చేయి పెట్టలేనంత కాలిపోతుంది, రంగు పైపైన ఆరి లోపల పచ్చిగా మిగులుతుంది. మన ప్రాంతంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు ఆరిపోయాక, ఉదయం తొమ్మిది పది గంటల వేళ దీనికి అనువైనది. అత్యవసరమైతే ఏ కాలంలోనైనా ప్రైమర్ చుక్క పెట్టి గాలి తగలకుండా మూసేయండి, రంగు తీరిగ్గా వేయవచ్చు.

ఇక పని క్రమం ఇది.

1. ఆ చోటు కడిగి, ఆరనిచ్చి, ఆల్కహాల్‌తో తుడవండి. మైనం ఉన్న చోట ఏ రంగూ పట్టదు.

2. గుంత అంచున లేచిన పెచ్చులుంటే పుల్ల మొనతో తీసేయండి. లేచిన రంగు మీద రంగు వేస్తే రెండూ కలిసి ఊడతాయి. తుప్పు ఉంటే సన్నని వాటర్ పేపర్‌ను అగ్గిపుల్ల చివరకు అంటించి, గుంత లోపల మాత్రమే గీకండి. లోహం మెరిసేదాకా రావాలి. గుంతల్లో నల్లగా మిగిలిపోతే తుప్పును మార్చే ద్రవాన్ని పుల్లతో తాకించండి. అందులోని ఆమ్లం తుప్పుతో కలిసి గట్టి నల్ల పొరగా మారుతుంది. సీసా మీద చెప్పినంతసేపు ఆగండి.

3. రేకు కనిపించిన చోట ప్రైమర్ తప్పనిసరి. పళ్ల పుల్ల మొనతో గాని, అతి సన్నని చిత్రలేఖనం కుంచెతో గాని గుంతలో మాత్రమే పెట్టండి. సీసా మూతకు ఉండే బ్రష్షు దీనికి చాలా లావు. అరగంట ఆగండి.

4. రంగు చుక్క పెట్టండి. ఒకేసారి నింపవద్దు. రంగు ఆరుతూ కుంచించుకుపోతుంది, కాబట్టి ప్రతి పలుచని పూతకూ ఇరవై ముప్ఫై నిమిషాల విరామం ఇచ్చి మూడు నాలుగు సార్లు వేయండి. చుట్టూ ఉన్న మంచి రంగు మీదికి పారితే వెంటనే తుడిచేయండి.

5. గంట రెండు గంటల తర్వాత క్లియర్ కోటు చుక్కలు, రెండు మూడు పూతలు. చివరికి చుట్టుపక్కల మట్టం కంటే వెంట్రుక మందం ఎత్తుగా కనిపించాలి.

6. వారం రోజులు వదిలేయండి. ఆ తర్వాత కావాలనుకుంటే 3000 నంబరు కాగితం చిన్న ముక్కతో ఎత్తుగా ఉన్న చుక్కను మాత్రమే తడిగా చదును చేసి, పాలిష్ చేయవచ్చు. నేను మాత్రం ఈ ఆరో మెట్టు ఎక్కువసార్లు ఎక్కను. చుక్క కాస్త ఎత్తుగా ఉన్నా నష్టం లేదు, చదును చేయబోయి పక్క రంగును తరిగితే నష్టం.

పొడవైన లోతు గీతకు కూడా ఇదే పద్ధతి, కుంచెతో గీత పొడవునా. వేలి పొడవు దాటితే చేత్తో వేసిన అతుకు బాగా కనబడుతుంది. తుప్పు రాకుండా మూసి, అందం సంగతి పెయింటరుకు వదలడం మంచిది.

బంపర్ల విషయంలో తొందర అక్కరలేదు. అవి ప్లాస్టిక్, తుప్పు పట్టవు. రంగు ఊడి నల్ల ప్లాస్టిక్ కనిపించినా ఏడాది ఆగినా నష్టం లేదు. నగరంలో తిరిగే కారు బంపరుకు ప్రతి గీతకూ రంగు వేయించడం డబ్బు వృథా. నాలుగు గీతలు పడ్డాక ఒకేసారి వేయించుకోవచ్చు. వేయించేటప్పుడు ప్లాస్టిక్‌కు పట్టే ప్రత్యేక ప్రైమర్ వాడతారా అని అడగండి, లేకపోతే రేకుల్లా లేస్తుంది. బంపరు వెనుక రాడార్ ఉండే కొత్త కార్లలో రంగు మందం పెరిగితే అది సరిగా పనిచేయకపోవచ్చు, అవి అధీకృత సర్వీస్ కేంద్రానికే వెళ్లాలి.

షెడ్డుకు పంపవలసినవి

రేకు సొట్ట పడి రంగు పగిలినప్పుడు, తుప్పు బుడగలు లేచినప్పుడు, క్లియర్ కోటు పొరలు పొరలుగా ఊడుతున్నప్పుడు, అరచేయి కంటే ఎక్కువ మేర రంగు పోయినప్పుడు ఇంట్లో ప్రయత్నించవద్దు. సొట్ట పడినా రంగు పగలకపోతే ముందు పెయింటరు దగ్గరికి కాదు, రంగు తాకకుండా లోపలి నుంచి రేకును నెట్టి సొట్ట తీసే నిపుణుల దగ్గరికి వెళ్లండి. అసలు రంగు మిగులుతుంది, ఖర్చూ తరచుగా తక్కువే.

స్ప్రే డబ్బా కొని తలుపు మొత్తం తామే వేసుకుందామని అనుకునేవారికి రెండు విషయాలు చెప్పాలి. మొదటిది రంగు కలవడం. వెండి, బూడిద వంటి మెరుపు రంగుల్లో సన్నని అల్యూమినియం రేణువులుంటాయి. గన్ ఎంత దూరంలో ఉంది, గాలి ఒత్తిడి ఎంత, పూత ఎంత తడిగా పడింది అన్నదాన్ని బట్టి అవి పడుకునే తీరు మారుతుంది, దానితో రంగు ముదురుగానో లేతగానో కనిపిస్తుంది. అనుభవం ఉన్న పెయింటరు కూడా అందుకే పక్క ప్యానెల్ మీదికి రంగును క్రమంగా పలుచన చేస్తూ కలుపుతాడు. డబ్బాతో ఇది సాధ్యం కాదు.

రెండోది ప్రాణానికి సంబంధించినది. మన్నికైన రెండు భాగాల క్లియర్ కోటులో కలిపే హార్డెనర్‌లో (పూతను గట్టిపరిచే ద్రవంలో) ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళితే ఉబ్బసం రావచ్చు. ఒకసారి శరీరానికి అది పడకుండా అయితే తర్వాత కొద్దిపాటి తాకిడికే ఊపిరి ఆడని పరిస్థితి వస్తుంది. ముఖానికి కట్టుకునే గుడ్డ, మామూలు మాస్కు దాన్ని ఆపలేవు. మన ఊళ్లలో చాలా షెడ్లలో పెయింటర్లు చేతిరుమాలు కట్టుకుని రోజంతా ఈ పని చేస్తున్నారు. ఎవరికైనా పని ఇస్తున్నప్పుడు, సరైన మాస్కూ బూతూ ఉన్న చోటు కాస్త ఖరీదైనా దానికే ఇవ్వమని నేను గట్టిగా అడుగుతాను. బూత్ ఉంటే మీ కారు మీద దుమ్ము పడదు, ఆ మనిషి ఊపిరీ నిలుస్తుంది.

పెయింటరుతో మాట్లాడేటప్పుడు

స్థానిక షెడ్డులో చిన్న కారు ప్యానెల్ ఒకటికి రెండున్నర వేల నుంచి నాలుగు వేల దాకా, కంపెనీ సర్వీస్ కేంద్రంలో అంతకు ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు అడగడం సాధారణంగా చూస్తున్నాము. ఊరిని బట్టి, రంగును బట్టి మారుతుంది. ముత్యపు తెలుపు వంటి మూడు పొరల రంగులకు ఎక్కువ. ధర కంటే ముందు అడగవలసినవి ఉన్నాయి. క్లియర్ కోటు ఏ రకం? ఎన్ని పూతలు? పక్క ప్యానెల్‌కు కలుపుతారా? తలుపు పిడి, అద్దం రబ్బర్లు విప్పి వేస్తారా, టేపు వేసి పని కానిస్తారా? టేపుతో కానిస్తే ఏడాదికి ఆ అంచు దగ్గరే రంగు లేస్తుంది. లప్పం ఎంత మందం పెడతారు? సొట్టను టింకరింగ్‌తో, అంటే రేకును కొట్టి, సరిచేయకుండా లప్పంతో నింపితే ఎండకూ అదురుకూ పగులుతుంది.

కారును సాయంత్రం ట్యూబ్‌లైటు కింద తీసుకోవద్దు. పగలు బయటికి తెచ్చి, ఎండలోనూ నీడలోనూ, నిలబడి, ఏటవాలుగా వంగి చూడండి. పక్క ప్యానెల్‌తో రంగు కలిసిందా, పైన నారింజ తొక్కలాంటి గరుకుదనం ఉందా, దుమ్ము రేణువులు ఇరుక్కున్నాయా, రబ్బర్ల మీద రంగు పడిందా అన్నవి అక్కడికక్కడే చెప్పాలి. పంపే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి.

బీమా వాడాలా

‘బీమా ఉంది కదా’ అని చిన్న గీతకు క్లెయిమ్ వేసేముందు కాగితం మీద లెక్క వేయండి. 1500 సీసీ దాకా ఉన్న కారుకు ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మనం భరించవలసినది 1,000 రూపాయలు, అంతకు పైబడితే 2,000. తరుగుదల కోయకుండా చూసే జీరో డిప్రిసియేషన్ కవర్ తీసుకోకపోతే రంగు సామగ్రి ఖర్చులో 50 శాతం తరుగుదల కోస్తారు. బిల్లులో సామగ్రి విడిగా చూపకపోతే మొత్తం రంగు ఖర్చులో 25 శాతాన్ని సామగ్రిగా లెక్కిస్తారు. అంటే 5,000 బిల్లులో 625, ఆపైన 1,000 పోగా చేతికి వచ్చేది 3,375 రూపాయలు.

ఇప్పుడు పోయేది చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లకు నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఇది సొంత నష్టం ప్రీమియం మీద, అంటే మన కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగం మీద, మాత్రమే ఇచ్చే తగ్గింపు. మీ సొంత నష్టం ప్రీమియం బోనస్‌కు ముందు 12,000 అనుకుందాము. 50 శాతం మీద ఉన్నవారు 6,000 కడతారు. క్లెయిమ్ వేస్తే బోనస్ సున్నాకు పడి మరుసటి ఏడాది 12,000, తర్వాత 9,600, 9,000, 7,800, 6,600 కట్టి మళ్లీ 6,000కు వస్తారు. ప్రీమియం మారదనుకుంటే ఆ అయిదేళ్లలో అదనంగా కట్టేది 15,000 రూపాయలు. 3,375 కోసం 15,000. బోనస్ పోకుండా కాపాడే అదనపు కవర్ మీ పాలసీలో ఉంటే లెక్క మారుతుంది, పాలసీ తీసి చూసుకోండి. పెద్ద ప్రమాదానికి బీమా ఉండనే ఉంది. దాన్ని గీతల మీద ఖర్చు చేయకండి.

తర్వాతి నెల

షెడ్డులో కొత్తగా వేసిన రంగుకు నెల రోజుల పాటు వ్యాక్స్ గాని, కోటింగ్ గాని వేయవద్దు. లోపలి ద్రావకాలు ఇంకా బయటికి వస్తూ ఉంటాయి. మొదటి వారం కడగకండి, ఒత్తిడి నీళ్ల యంత్రం పెట్టించకండి. చెట్టు కింద నిలపకండి.

ఆ తర్వాత ఇంట్లో ఒక అలవాటు మార్చితే సగం గీతలు అసలు పుట్టవు. తెల్లవారుజామున పొడి గుడ్డతో, లేదా అపార్ట్‌మెంట్‌లోని పది కార్లకూ వాడిన ఒకే బకెట్ నీళ్లతో కారు తుడిపించడం ఆపండి. కారు తుడిచే అతనికి విడిగా రెండు బకెట్లు, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కొనివ్వండి. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, రెండో దానిలో గుడ్డ జాడించే మంచి నీళ్లు. రోజూ తుడిచే బదులు వారానికి రెండు సార్లు, ముందు నీళ్లు పోసి దుమ్ము జారనిచ్చాక, పై నుంచి కిందికి కడగమని చెప్పండి. కింద పడిన గుడ్డను ఆ రోజుకు మళ్లీ కారు మీద పెట్టవద్దని కూడా చెప్పండి. జీతం మాత్రం తగ్గించకండి.